కాళ్ల కింద ఏముంది?

(ఏన్కూరులో మా డ్రాయింగు సారు సంస్మరణ సభలో చేసిన ఉపన్యాసపాఠం)



సారు జీవితం గురించి మాట్లాడడానికి నాకంటే దగ్గరివాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నేను ఆయనకు ఇష్టమైన సంగతి ఒకటి మాట్లాడతాను. ఊరి బయట చింతచెట్టు కింద, చెరువు కట్ట మీద, గుడి వెనక పడి ఉండే బొమ్మరాళ్ల సంగతి అది. పిల్లలకు గీత నేర్పే ముందు చూపు నేర్పాలని ఆయన పట్టుదల. ఆ చూపుతోనే ఇవాళ ఒక ప్రశ్న అడుగుతాను. గౌరవాన్ని రాతిలో ఎట్లా చెక్కుతారు? గర్వాన్ని ఎట్లా చెక్కుతారు?

మనిషిని చెక్కవచ్చు, గుర్రాన్ని చెక్కవచ్చు. మనిషి లోపలి గుణానికి మాత్రం ఆకారం లేదు. అందుకే శిల్పి గుర్తులను ఆశ్రయిస్తాడు. తల మీద గొడుగు, చేతిలో కత్తి, కింద గుర్రం, పక్కన సింహం, ఎదుట ఏనుగు, పైన సూర్యచంద్రులు. చిక్కు ఎక్కడ వచ్చిందంటే, గౌరవానికి వాడిన గుర్తులే గర్వానికీ వాడారు. కత్తి ఇద్దరి చేతిలోనూ ఉంటుంది. గొడుగు ఇద్దరి మీదా ఉంటుంది. మరి తేడా పట్టుకునేదెట్లా? నేను చాలాకాలంగా రెండు ప్రశ్నలు వేసుకుంటున్నాను. ఆ బొమ్మ కాళ్ల కింద ఏముంది? ఆ రాయిని ఎవరు నిలబెట్టారు?

ముందు వీరగల్లు, అంటే పోరులో చనిపోయినవాడి పేర నిలిపిన రాయి దగ్గరికి పోదాం. తెలంగాణ పల్లెల్లో ఇవి చాలాచోట్ల కనిపిస్తాయి. అక్షరం లేనివే ఎక్కువ. కొన్నింటికి సింధూరం పూసి హనుమంతుడని మొక్కుతారు, కొన్నింటిని పోతరాజంటారు. మొక్కడంలో తప్పేమీ లేదు, ఆ మొక్కు వల్లే ఎన్నో రాళ్లు ఇన్ని వందల ఏళ్లు మిగిలాయి. పెద్ద వీరగల్లును కింది నుంచి పైకి చదవాలి. అట్టడుగు అరలో పోరాటం ఉంటుంది. ఆవుల మందను తోలుకుపోతున్న దొంగలను ఒకడు ఆపుతుంటాడు, లేదా మీదికి లేచిన పులిని బల్లెంతో పొడుస్తుంటాడు. నడిమి అరలో అప్సరసలు ఆ మనిషిని చెరో పక్క పట్టుకొని పైకి తీసుకుపోతుంటారు. పై అరలో అతడు శివలింగం ముందు చేతులు జోడించి కూర్చుంటాడు. అంతకు పైన సూర్యుడు, చంద్రుడు. వాళ్లున్నంత కాలం ఈ పేరు ఉంటుందని దాని అర్థం.

ఈ మూడు అరల్లో నన్ను ఆపేది పై అర. యుద్ధంలో కత్తి దూసినవాడి చేతిలో అక్కడ ఆయుధం లేదు. గుర్రం లేదు. గొడుగు అసలు మొదటి నుంచీ లేదు, ఎందుకంటే ఇతను రాజు కాదు. పశువుల కాపరో, ఊరి కావలివాడో, మామూలు బంటో. గౌరవం దక్కిన చోట అతని చేతులు ఖాళీగా ఉన్నాయి. కింద తొక్కబడిన శత్రువు కూడా లేడు. శత్రువు అడుగు అరలోనే ఉండిపోయాడు. ఎంత శ్రద్ధగా ఆలోచించి పెట్టిన అమరికో చూడండి. పోరాటం గౌరవానికి పునాదే, కానీ గౌరవం పోరాటం దగ్గర ఆగిపోదు. ఈ రాయిని చచ్చిపోయినవాడు చెక్కించుకోలేదు. ఊరు నిలబెట్టింది. అతని ఇంటివాళ్లకు రక్తమాన్యమని భూమి ఇచ్చిన ఊళ్లూ ఉన్నాయి. అంటే గౌరవాన్ని బొమ్మతో సరిపెట్టలేదు, పొలంగా కొలిచి ఇచ్చారు.

పులితో పోరాడిన రాయి ముందు నిలబడితే మనలాంటి అడవి అంచు ఊళ్లవాళ్లకు వివరణ అక్కర్లేదు. ఇటు ఖమ్మం మైదానం, అటు భద్రాచలం అడవి. మంద ఎటు పోతే మనిషి అటు పోవాలి. ఆ మనిషి తిరిగి రాకపోతే ఊరికి మిగిలేది ఆ రాయే.

ఇప్పుడు రాజుల దగ్గరికి వస్తాను. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే గౌరవమూ గర్వమూ ఒకే మనిషి చుట్టూ అల్లుకున్న కథ ఇది. ఆ మనిషి రాణీ రుద్రమదేవి.

కాకతీయులకు రాయగజకేసరి అనే బిరుదు ఉండేది. ఎదిరి రాజులు ఏనుగులైతే తాను వాటి మీదికి దూకే సింహమని దాని భావం. తండ్రి గణపతిదేవుడి బిరుదును రుద్రమ కూడా ధరించింది. ఓరుగల్లు కోటలో స్వయంభూ శివాలయానికి రుద్రమ రంగమంటపం కట్టించిందంటారు. అక్కడ దొరికిన ఒక శిల్పంలో సింహం మీద కూర్చున్న స్త్రీ ఉంది. చేతుల్లో కత్తి, డాలు. అక్కడే ఏనుగు తొండం, ఆ తొండంలో తామరపువ్వు. అది రుద్రమ బొమ్మేనని చరిత్రకారులు పోల్చుకున్నారు. చూడండి, ఏనుగును సింహం చీల్చడం లేదు. ఏనుగు పువ్వు పట్టుకొని ఉంది. ఓడినవాడి చేత పువ్వు పట్టించడం చంపడం కంటే పెద్ద గెలుపని శిల్పికి తెలుసు. అయినా ఇది రాణి బతికుండగా, రాణి ఏలుబడిలో, రాణి కట్టించిన మంటపానికి చెక్కిన బొమ్మ. ఇందులో అధికారం తనను తాను చూసుకుంటున్నది. దీన్ని నేను తప్పుపట్టను. ఆడమనిషి సింహాసనం ఎక్కితే సామంతులు తిరగబడిన కాలమది. ఆ బొమ్మలోని గర్వం ఆమెకు కవచం.

తరువాత 1289 వచ్చింది. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్లలో ఆ సంవత్సరం నవంబర్ 27 నాటి శాసనం ఒకటి ఉంది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వాళ్ల పుణ్యం కోసం భూమి దానం చేశానని పువ్వుల ముమ్మడి అనే అతను వేయించాడు. ఈయన మహామండలేశ్వరుడు కాదు, మల్లికార్జున నాయకుడి దగ్గర పనిచేసినవాడు. అంత పెద్ద రాణి మరణాన్ని మనకు చెప్పే రాయిని ఒక కొలువుకాడు నిలబెట్టాడు. ఆ శాసనంలో గెలుపు గురించి మాట లేదు. చెరువు కింది భూమి, దేవుడి పేరు, పోయినవాళ్ల పేర్లు. అంతే.

మరుసటి ఏడాది 1290లో త్రిపురాంతకంలో ఇంకొక శాసనం లేచింది. దాన్ని వేయించినవాడు కాయస్థ అంబదేవుడు, రుద్రమ మీద తిరగబడిన సామంతుడు. రాయసహస్రమల్లుడు అతని బిరుదు. ఎవరెవరిని ఓడించాడో, ఎవరి తలలు తీశాడో వరుసగా చెక్కించుకున్నాడు. పట్టోద్ధతి రుద్రుణ్ణి సప్తాంగాల నుంచీ వేరు చేశానని కూడా చెప్పుకున్నాడు. రాజ్యానికి రాజు, మంత్రి, కోట, ధనాగారం, సైన్యం వంటి ఏడు అంగాలుంటాయి కదా, అవన్నీ ఊడబీకానని. రుద్రమ ఆ అంబదేవుడితో పోరులోనే చనిపోయి ఉంటుందని చరిత్రకారుల ఊహ.

ఒకే యుద్ధపు నీడలో, ఏడాది తేడాతో రెండు రాళ్లు. ఒకటి ఓడిపోయిన పక్షపు సేవకుడు నిలబెట్టింది, ఇంకొకటి గెలిచినవాడు తనకోసం తాను నిలబెట్టుకున్నది. ఒకదానిలో తగ్గిన గొంతు, ఇంకొకదానిలో బిరుదుల మోత. గౌరవం, గర్వం అని నేను వేరు చేసి చెప్పదలచుకున్న రెంటినీ ఇంతకంటే దగ్గరగా పక్కపక్కన పెట్టి చూపగల చోటు తెలుగునేలలో నాకు కనిపించలేదు.

ఇంకొక బొమ్మ కూడా ఉంది. వరంగల్ దగ్గర బొల్లికుంటలో దొరికిన రెండు శిల్పాలు రుద్రమవేనని కొన్నేళ్ల కింద పురావస్తు శాఖవారు గుర్తించారు. మొదటిదానిలో ఆమె గుర్రం మీద ఉంది, తల మీద రాజలాంఛనంగా గొడుగు ఉంది. రెండోదానిలో అలసి ఒక పక్కకు ఒరిగి ఉంది. గొడుగు లేదు. గుర్రం ఉండాల్సిన చోట దున్నపోతు, యముడి వాహనం. చావును ఇంకెట్లా చెబుతాడు శిల్పి? నెత్తురు చూపలేదు, తెగిన తల చూపలేదు. మీద ఉన్న గుర్తును తీసేశాడు, కింద ఉన్న జంతువును మార్చాడు. చదువు రానివాళ్లకు కూడా ఆ రాయి అర్థమవుతుంది. గొడుగు ఉన్న రాణి కంటే గొడుగు పోయిన ఆ రాణి ముందే నాకు తల వంచాలనిపిస్తుంది. గొడుగు కొలువుది. ఆ ఒరిగిన మెడ ఆమెది.

ఇందాక ఏనుగు మాట వచ్చింది కాబట్టి పాలంపేట రామప్ప గుడికి పోదాం. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడిని 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వెళ్లినవాళ్లందరూ నాగిని దగ్గర, మదనికల దగ్గర ఆగుతారు. మీరు ఈసారి పోతే ఏనుగుల దగ్గర ఆగండి. గోడ చుట్టూ కింది వరుసలో ఏనుగులు ఒకదాని వెంట ఒకటి నడుస్తుంటాయి. కప్పుకు ఊతంగా పెట్టిన పై బొమ్మల్లో అదే ఏనుగు గజకేసరి కాళ్ల కింద నలుగుతుంటుంది. లోపల శివుడు గజాసురుణ్ణి చంపి ఆ తోలు కప్పుకొని ఆడే శిల్పమూ ఉంది. ఒకే గుడి, ఒకే శిల్పుల బృందం, ఒకే జంతువు. కింది ఏనుగు గుడి చుట్టూ తిరుగుతూ బరువు మోస్తున్నది. పై ఏనుగు మదమెక్కి తొక్కబడింది. బలం ఒక్కటే, అది మోయడానికి పనికొస్తే వరుసలో చోటు, మదమైతే సింహం కాళ్ల కింద చోటు. ప్రదక్షిణం చేసే రైతు ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే చూస్తూ నడిచాడు. మనం ఫొటోలు తీసుకుంటూ నడుస్తున్నాం, అదే బాధ.

సముద్రం అవతల కూడా ఇదే కష్టం పడ్డారు. 1593లో రోములో చేజారే రీపా అనే ఆయన గుణాలకు, దోషాలకు రూపాలు చెప్పే నిఘంటువు వేశాడు. 1603 కూర్పు నుంచి దానిలో బొమ్మలు కూడా చేరాయి. అంతకుముందే 1558లో పీటర్ బ్రూగెల్ గీసిన గర్వం బొమ్మను రాగిరేకు మీద చెక్కి అచ్చువేశారు. అందులో ఒక దొరసాని అద్దంలో తనను తాను చూసుకుంటుంటుంది, పక్కన నెమలి నిలబడి ఉంటుంది. వాళ్లకు నెమలి గర్వం. మనకు నెమలి కుమారస్వామి వాహనం, కృష్ణుడి తల మీది పింఛం. మన శిల్పి ఎప్పుడూ నెమలిని నిందించలేదు, ఆ భారం ఏనుగు మీద పెట్టాడు. అద్దం సంగతి మాత్రం ఆలోచించదగ్గది. మన గుళ్లలో అద్దం చూసుకునే దర్పణసుందరి అందానికి గుర్తు. అక్కడ అదే అద్దం పాపానికి గుర్తయింది.

వాళ్ల దగ్గర నాకు బాగా నచ్చినది బొమ్మ కాదు, ఒక గుడి. రోమన్ సేనాని మార్కెల్లస్ యుద్ధంలో మొక్కుకొని, గౌరవానికీ సద్గుణానికీ కలిపి ఒకే గుడి కట్టిస్తానన్నాడు. ఒకే గర్భగుడిలో ఇద్దరు దేవతలను పెడితే కుదరదని పూజారులు అడ్డం చెప్పారు. పిడుగు పడితే ఎవరికి శాంతి చేయాలో తెలియదట. చివరికి రెండో గర్భగుడి కట్టాల్సి వచ్చింది. సద్గుణం గుడిలోంచి వెళ్తేనే గౌరవం గుడి చేరతామని తరువాతివాళ్లు దానికి అర్థం చెప్పుకున్నారు. రీపా వంటి చిత్రకోశకారుల కాలంలో ఈ కథ మళ్లీ మళ్లీ బొమ్మలకెక్కింది. మన వీరగల్లులో కింది అర దాటకుండా పై అర లేదు. వాళ్లు పక్కపక్కన రెండు గదులు కట్టి చెప్పినదాన్ని మనవాళ్లు ఒకే రాతిలో ఒకదాని మీద ఒకటి పెట్టి చెప్పారు.

ఇంతసేపు మంచి చెప్పాను. చేదు కూడా చెప్పాలి. వీరగల్లు పక్కనే కొన్నిచోట్ల, భర్తతో పాటు చితిలో కాలిన స్త్రీ పేర నిలిపిన సతీశిల ఉంటుంది. స్తంభం లోంచి మోచేయి దగ్గర వంగి పైకి లేచిన ఒక స్త్రీ చేయి, దానికి నిండుగా గాజులు, పైన అవే సూర్యచంద్రులు. మగవాడికి మూడు అరల కథ దక్కింది. ఆమెకు ఒక్క చేయి దక్కింది. ముఖం లేదు. గాజులు చిట్లలేదు, అంటే ఆమె చివరి దాకా ముత్తైదువేనని పొగుడుతున్నారు. ఈ రాయి కాళ్ల కింద ఏముందని అడిగితే జవాబు ఆమె ప్రాణమే. దీన్ని గౌరవమని పిలవడానికి నాకు నోరు రాదు. ఇంటి పరువు, కులం పరువు, ఊరి పరువు అని ఆమె దగ్గర వసూలు చేసుకున్న దాన్ని తిరిగి ఆమెకే గౌరవంగా ఇచ్చినట్టు చెక్కారు. ఇలాంటి రాయిని కాపాడాలి, దాచకూడదు, పూజించకూడదు. పిల్లలను తీసుకుపోయి చూపించి, ఏం జరిగిందో చెప్పాలి. పరువు పేరుతో కూతుళ్లను చంపిన వార్తలు మన పేపర్లలో ఇప్పటికీ వస్తున్నాయి.

ఇక మన కాలపు రాళ్ల మాట. ఈ ఖమ్మం జిల్లాలో ఏ రోడ్డు పట్టుకొని పోయినా ఎర్రస్తూపం కనిపిస్తుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటం నుంచి మొదలుపెట్టి పడిపోయినవాళ్ల పేర్లు వాటి మీద ఉంటాయి. పిడికిలి, చుక్క, కొడవలి. వీటిని పార్టీ గుర్తులుగా మాత్రమే చూడడం మానుకుంటే, వీరగల్లు వారసత్వం ఇక్కడే కొనసాగుతున్నదని తెలుస్తుంది. ఊరి కోసం పోయినవాడి పేరు ఊరి మొదట్లో నిలబెట్టాలన్న పట్టింపు అదే. హైదరాబాదు గన్‌పార్కులో 1969 తెలంగాణ ఉద్యమ అమరుల స్తూపాన్ని ఎక్కా యాదగిరిరావు రూపొందించారు. అడుగున నల్లరాయి, దాని మీద తుపాకి గుండ్ల గుర్తుగా తొమ్మిది చిల్లులు, పైన తొమ్మిది రేకుల పువ్వు. అప్పటి తెలంగాణకు తొమ్మిది జిల్లాలు, అందులో మనదొకటి. ఆ ఉద్యమం 1969 జనవరిలో రాజుకున్నదే మన పాల్వంచలో, ఖమ్మంలో. చంపిన గుండును కూడా గౌరవచిహ్నంగా మార్చడం నేను ఆ స్తూపంలోనే చూశాను. అక్కడ ఏ నాయకుడి ముఖమూ లేదు. ఇప్పుడు ఊరూరా బతికున్నవాళ్ల ముఖాలతో శిలాఫలకాలు లేస్తున్నాయి. పేరు పెద్దది, పని చిన్నది. వాటిని చూసినప్పుడల్లా అంబదేవుడు గుర్తొస్తాడు. ఆయన కనీసం యుద్ధం చేశాడు.

చివరగా కోయల గురించి చెప్పాలి. వాళ్ల నేల మీద నిలబడి వాళ్ల మాట చెప్పకుండా ముగించడం న్యాయం కాదు. మణుగూరు వైపు జానంపేట దగ్గర పెద్ద పెద్ద బండలతో కట్టిన పాతకాలపు సమాధులున్నాయి, రాకాసి గుళ్లంటారు. వాటిని కట్టినవాళ్లు ఎవరైనా, పోయినవాళ్ల కోసం రాయి పాతే ఆనవాయితీని ఈ అడవిలో కోయలు కాపాడుకున్నారు. ఆ రాళ్ల మీద సింహం లేదు, గొడుగు లేదు, బిరుదు లేదు. గౌరవాన్ని చెక్కకుండానే నిలబెట్టారు. మేడారంలో సమ్మక్క, సారలమ్మలకు విగ్రహం లేదు. కాకతీయ రాజుకు కప్పం కట్టనని ఎదురు నిలిచిన తల్లిగా తలుచుకునే సమ్మక్క గద్దెకు వచ్చేది కుంకుమభరిణె రూపంలో. అటు ఓరుగల్లు సింహం, ఇటు పిడికెడు కుంకుమ.

అయితే కోయలకు బొమ్మలు లేవనుకోకండి. వాళ్ల బొమ్మలు గుడ్డ మీద ఉన్నాయి. పడిగె అంటారు. మూడో గట్టు, నాలుగో గట్టు, ఐదో గట్టు అనే గోత్ర సమూహాల్లో గట్టు గట్టుకూ తమ పుట్టుపూర్వోత్తరాలు, వేల్పులు, గోత్రపు గుర్తులు ఆ కోణాకారపు గుడ్డ మీద ఉంటాయి. పడిగెను గోడకు తగిలించి చూడరు. కొలుపు నాడు విప్పుతారు, డోలీలనే కోయ పాటగాళ్లు వాయిద్యంతో పాడుతూ ఒక్కొక్క బొమ్మ కథ చెబుతారు. పాట లేకపోతే ఆ బొమ్మ సగమే. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి వంటివాళ్లు వాటిని సేకరించి, చదివించి, లోకానికి చూపించారు. అందులో వంశం గొప్ప ఉంది, నిజమే. కానీ ఆ గొప్పను ఏ ఒక్కరూ తన పేర రాయించుకోలేరు. గట్టులో పుట్టిన ప్రతి బిడ్డకూ అది సమానంగా చెందుతుంది.

మేడారం గద్దెల ప్రాంగణాన్ని ఈమధ్య రాతితో తిరిగి కట్టినప్పుడు ఈ గట్టు గుర్తులను రాళ్ల మీద చెక్కించారు. సంతోషించాను, కొంచెం భయపడ్డాను కూడా. రాజుల రాతి పక్కన కోయల గుర్తులకు చోటు దొరకడం ఆలస్యంగా జరిగిన న్యాయం. భయం ఎందుకంటే, రాతికెక్కిన బొమ్మ పాటగాడు లేకపోయినా నిలబడగలదు. నిలబడితే చాలు కదా అని మనం పాటగాణ్ణి మరిచిపోతాం. మణుగూరు మండలం కూనవరం డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. ఆయన నోట ఉన్న కథల్లో ఎన్ని రికార్డుకెక్కాయో, ఎన్ని ఆయనతోనే పోయాయో లెక్క తీసినవాళ్లు తక్కువ.

అందుకని ఈ సభ తరఫున రెండు పనులు అడుగుతున్నాను. ఏన్కూరు, జూలూరుపాడు, చండ్రుగొండ వైపు ఊళ్లలో మీకు తెలిసిన బొమ్మరాయి ఏది ఉన్నా దాని మీద ఎనామిల్ పెయింటు వేయనీయకండి. రోడ్డు పనికో కాలువ పనికో జేసీబీ వచ్చినప్పుడు దాన్ని కదిలించే ముందు పంచాయతీలో చెప్పించండి, ఫొటో తీసి ఉన్న చోటు రాసిపెట్టండి. 2017లో తెచ్చిన తెలంగాణ వారసత్వ చట్టం ఉంది, కానీ చట్టానికి ముందు రాయి ఎక్కడుందో తెలియాలి. రెండోది, పడిగె ఉన్న ఇళ్లవాళ్లు ఒప్పుకుంటే, వాళ్లు చెప్పిన రోజున, వాళ్ల పద్ధతిలో కొలుపు జరిగేటప్పుడు మొత్తం పాటను మొదటి నుంచి చివరి దాకా రికార్డు చేయాలి. పాడేవాళ్లకు కూలి కాదు, సంభావన ఇవ్వాలి. ఆ రికార్డు ప్రతి మొదట వాళ్ల గట్టు పెద్దల చేతిలో పెట్టాలి, తరువాతే ఏ విశ్వవిద్యాలయానికైనా. ఈ పనికి ముందుకొచ్చే పిల్లలు సభ అయ్యాక ఇక్కడే ఉండి తమ పేర్లు, ఊర్లు రాయించండి.